ముప్పై రెండో పలక

ఫ్రాన్సులో విప్లవం నడుస్తున్న ఆ ఏడాది, 1793లో, లొరేన్ సీమలోని బ్రెల్లంకూరు జనానికి ఎన్ని ఆజ్ఞలు వచ్చాయో లెక్క లేదు. చర్చి గంట దింపమన్నారు, దింపారు. ఆదివారం లేదు, ఇకమీదట పదిరోజులకొకసారే సెలవన్నారు, సరే అన్నారు. చిన్నా పెద్దా తేడా లేకుండా అందరూ ఒకరినొకరు "పౌరుడా" అనాలి, ఎంతటివాణ్ణయినా "నువ్వు" అనే పిలవాలి అన్నారు. దానికి మాత్రం ముసలివాళ్ళ నాలుకలు తిరగలేదు. జనవరిలో రాజు తల పోయింది, అక్టోబరులో రాణి తల పోయింది. ఇంక తీయడానికి ఏం మిగిలింది అనుకుంటుండగా పొయ్యిల మీద పడ్డారు.

ఇళ్ళల్లో పొయ్యి వెనక నిలబెట్టే పోత ఇనప పలకల మీద కిరీటాలు, రాజుగారి లిల్లీ పువ్వులు, దొరల చిహ్నాలు ఉంటే వాటిని నెలలోపు వెనక్కి తిప్పించాలట. తిప్పించనివాళ్ళు దేశద్రోహుల కింద లెక్కట. ఊరి విప్లవ కమిటీ అధ్యక్షుడు సతుర్నెన్ ఎర్రటోపీ సర్దుకుని చర్చి మెట్ల మీద నిలబడి ఈ కాగితం చదివాడు. రెండేళ్ళ కిందటి దాకా బండిచక్రాలు చేసుకుని బతికినవాడు. ఇప్పుడు కాగితం చదివేటప్పుడు గొంతు మార్చడం నేర్చుకున్నాడు.

"ఎలోఫ్ ఎక్కడ? ముందుకు రా. ఊరి పలకలన్నీ తిప్పే బాధ్యత నీది" అన్నాడు.

ఎలోఫ్ ఆ ఊళ్ళో ఒక్కగానొక్క తాపీమేస్త్రీ. మాట తక్కువ, పని శుభ్రం. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడని అందరూ మెచ్చుకునేవారు, అతనికీ ఆ పేరంటే ఇష్టం. ఈ కథంతా ఆ మంచిపేరు తెచ్చిన చేటే.

మా వైపు ఇళ్ళ సంగతి పారిస్ పెద్దమనుషులకి తెలిసే అవకాశం లేదు. వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెనక పలక, పలక వెనక గోడ. పలక తిప్పితే బొమ్మ గోడ మొహం చూస్తుంది, గొడవ వదులుతుంది. లొరేన్‌లో పలక వెనక గోడ ఉండదు. వంటింటికీ వెనకగదికీ మధ్య గోడలో నడుమెత్తు కంత పెట్టి, ఆ కంతలో పలకనే నిలబెడతాం. ఇటు వంటింట్లో నిప్పు, అటు వెనకగదిలో పలక వీపు. ఆ వీపు ముందు చెక్కతలుపుల గూడు. తలుపులు తీస్తే గది వెచ్చబడుతుంది, మూస్తే లోపల పెట్టిన బట్టలు ఆరతాయి. పిల్లలు పుట్టేదీ ముసలివాళ్ళు పోయేదీ ఆ గూటి ముందే. కొత్తకోడలు అడుగుపెట్టిన రోజున అత్తగారు ఆమె అరచేతిని ఆ ఇనప వీపుకి ఆనించి, "వెచ్చగా ఉందా?" అని అడుగుతుంది. ఉందని చెప్పిన తర్వాతే భోజనాలు.

మొదటి పలక తిప్పింది మేకులు చేసే కమ్మరి జంగూ ఇంట్లో. జంగూ, ఎలోఫ్ కలిసి గడ్డపార వేసి, బిగింపులు ఊడదీసి, కర్రదుంగల మీద పలకను దొర్లించి తిప్పి నిలబెట్టారు. నున్నటి వీపు నిప్పు వైపు వచ్చింది. ఎలోఫ్ సున్నం చేతులు తుడుచుకుంటూ వెనకగదిలోకి వెళ్ళి గూడు తలుపు తీశాడు. లోపల కిరీటం, దాని కింద మూడు లిల్లీ పువ్వులు మసి మొహాలతో మంచం వైపు చూస్తున్నాయి.

జంగూ భార్య శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇన్నాళ్ళూ రాజుగారు వంటింట్లో మసి కొట్టుకుని పడుండేవాడు. ఇప్పుడేమో పడగ్గదిలోకి తెచ్చి కూర్చోబెట్టావు! నేను ముసుగేసుకుని పడుకోవాలా ఏంటి?"

"నీ మొహం చూసి ఆయనే అటు తిరుగుతాళ్ళే" అన్నాడు జంగూ.

ఎలోఫ్ నవ్వలేదు. తిన్నగా సతుర్నెన్ దగ్గరికి వెళ్ళాడు. "పలక తిప్పితే బొమ్మ వెనకగదిలోకి వస్తోంది. ఉలితో చెక్కేస్తే మంచిదేమో. లేదా వెనక ఒక వరస ఇటుక పేర్చమంటే పేరుస్తాను" అన్నాడు.

సతుర్నెన్ కాగితం మళ్ళీ తీసి వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ ఏం రాసుంది? తిప్పమని. చెక్కమని రాసుందా? ఇటుకలు పేర్చమని రాసుందా? ఇటుక పేరిస్తే గది చలికి గడ్డకట్టుకుపోదూ, జనం నన్ను తిట్టరూ? ఆజ్ఞ కంటే నీకు ఎక్కువ తెలుసా?"

"తెలీదు."

"మరి తిప్పు."

ఎలోఫ్ తిప్పాడు. రోజుకి రెండు మూడు చొప్పున ముప్పై ఒక్క పలకలు తిప్పాడు. ప్రతి ఇంట్లోనూ ఇదే తంతు, ప్రతి ఇంట్లోనూ ఇవే నవ్వులు. కాస్త తెలివైనవాళ్ళు గూటి తలుపులు మూసి గొళ్ళెం పెట్టుకున్నారు. ఎలోఫ్ సొంత ఇంట్లో పలక మీద ఉన్నది పూలకుండీ బొమ్మ, దాని జోలికి ఎవరూ రాలేదు. ముప్పై రెండోది అతని చెల్లెలు అపోలిన్ ఇంట్లో మిగిలింది.

అది నిజానికి వాళ్ళు పుట్టిన ఇల్లే. అపోలిన్ మొగుడు పోయాక తిరిగొచ్చి తల్లి దగ్గరే ఉండిపోయింది. తల్లి బార్బ్‌కి ఛాతీ జబ్బు, రెండు చలికాలాలుగా మంచం దిగలేదు. ఆ ఇంటి పలక మీద ఉన్నది లిల్లీ పువ్వులు కావు, ఒకప్పుడు లొరేన్‌ని ఏలిన డ్యూక్‌గారి చిహ్నం. అడ్డపట్టీ మీద ముక్కూ కాళ్ళూ లేని మూడు బుల్లి గద్దలు, పక్కన రెండు అడ్డకమ్మీల సిలువ. లొరేన్ ఇంకా ఫ్రాన్సులో కలవకముందు, వాళ్ళ తాత పోత కొలిమిలో పనిచేసి పెళ్ళికి చేయించుకున్నది. చిన్నప్పుడు అపోలిన్ ఆ గద్దలకి ముక్కులెందుకు లేవని ఏడిస్తే, మాట్లాడకుండా ఉండటానికని నాన్న చెప్పేవాడు.

"దీన్ని కూడా తిప్పాలా అన్నయ్యా? ఇది రాజుది కాదుగా, మనదేగా" అంది అపోలిన్.

"దొరల చిహ్నాలన్నీ అని రాశారు. డ్యూక్ దొర కాదా?"

"చచ్చి ఎన్నేళ్ళయింది ఆయన! నున్నటి ఇనుము ఎదురుగా పెట్టుకుని వండుకోవాలంటే గుడ్డివాడి కళ్ళల్లోకి చూస్తున్నట్టు ఉంటుంది."

"చూడకు. కూర మాడకుండా చూసుకో చాలు" అన్నాడు ఎలోఫ్ గడ్డపార గుచ్చుతూ. కాసేపాగి, "తిప్పాక గూటి తలుపులు తీసే ఉంచు. పోతబొమ్మ ఎత్తుపల్లాలు వేడి బాగా పట్టుకుంటాయి. అమ్మకి మంచిది" అన్నాడు. ఆ మాట అన్నది అతనే. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ మాట వేరెవరి నోట్లోనూ పెట్టలేకపోయాడు.

తిప్పడం అయ్యాక తల్లి మంచం మీద నుంచి తలెత్తి చూసింది. ఆమెకి చూపు మందగించింది కానీ ఆ సిలువ ఆనింది. చర్చి మూసేసి ఐదువారాలైంది, ఇంట్లో ఉన్న మేరీమాత బొమ్మను అపోలిన్ భయపడి గడ్డివాములో దాచేసింది. ముసలావిడ చెయ్యి పైకెత్తి నుదుటి నుంచి రొమ్ముదాకా సిలువ గీసుకుంది.

"ఇన్నాళ్ళకి నా వైపు తిరిగింది" అంది.

డిసెంబరులో జిల్లా నుంచి తనిఖీదారు వచ్చాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, గెడ్డం నున్నగా గీసుకున్నాడు, జలుబు. సతుర్నెన్ అతన్ని చూడగానే వంగి, "దయచేయండి, మీరు..." అన్నాడు.

"నువ్వు" అని దిద్దాడు తనిఖీదారు ముక్కు చీదుకుంటూ.

"చిత్తం, నువ్వు దయచేయండి" అన్నాడు సతుర్నెన్. వెనక జంగూ దగ్గుతున్నట్టు నటించాడు.

తనిఖీదారు ఇల్లిల్లూ తిరిగాడు. వెంట ఇద్దరు సిపాయిలు, సతుర్నెన్, ఎలోఫ్, పనీపాటా లేని పదిమంది. ప్రతి వంటింట్లోనూ నున్నటి పలక కనబడింది, జాబితాలో గీత పడింది. వెనకగదుల్లోకి ఎవరూ వెళ్ళలేదు, తీసుకెళ్ళలేదు. అతని ఊరు ఎక్కడో నైరుతి వైపట, పొయ్యి వెనక గోడ ఉంటుందని అతనికి పుట్టినప్పటి నుంచి తెలుసు. మధ్యాహ్నానికి ముప్పై ఒక్క గీతలు పడ్డాయి. సతుర్నెన్ మొహంలో రంగు తిరిగి వచ్చింది, భోజనం ఏర్పాట్ల గురించి మాట్లాడటం మొదలెట్టాడు.

అపోలిన్ వంటింట్లో పలక చూసి తనిఖీదారు ముప్పై రెండో గీత గీయబోతుండగా వెనకగదిలోంచి గొణుగుడు వినబడింది. లాటిన్‌లో జపం. చాటుమాటు పాదిరీలని పట్టుకోవడం అప్పట్లో అందరికీ పిచ్చిగా ఉండేది. తనిఖీదారు కలం ఆపి, అపోలిన్‌ని పక్కకి తోసి, ఒక్క అంగలో గది తలుపు తన్నాడు.

పాదిరీ లేడు. ముసలావిడ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది, చేతిలో జపమాల. ఆమెకి ఎదురుగా బార్లా తెరిచిన గూడు. గూట్లో, వెనక నిప్పుకి కాగి వెచ్చగా, మూడు గద్దలూ రెండు కమ్మీల సిలువా. పక్కన అపోలిన్ ఆరేసిన తెల్లటి దుప్పట్లు రెండూ తెరల్లా వేలాడుతున్నాయి. ఎవరు చూసినా బలిపీఠం అనే అంటారు.

తనిఖీదారు గూటి దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా అడిగాడు. "ఇది ఎవరి చిహ్నమో తెలుసా?"

"మా డ్యూక్‌గారిది" అంది అపోలిన్.

"మీ డ్యూక్ ఆస్ట్రియా వెళ్ళి మహారాణిని పెళ్ళాడి చక్రవర్తి అయ్యాడు. ఆయన మనవడే ఇవాళ మన సైనికుల మీద ఫిరంగులు పేలుస్తున్నాడు. ఆయన కూతురే మొన్న పారిస్‌లో మనం తల తీయించిన రాణి. ఆ ఇంటి చిహ్నాన్ని గూట్లో పెట్టి, తెరలు కట్టి, దీపం బదులు మంట పెట్టి పూజ చేస్తున్నారు!"

"పూజ కాదు బాబూ. అమ్మకి చలి. పలక తిప్పితే ఇటు వచ్చింది..."

"తిప్పింది ఎవరు?"

అందరూ ఎలోఫ్‌కి దారి ఇచ్చారు. అంత చప్పున జనం దారివ్వడం అతను ఎప్పుడూ చూడలేదు.

"నేనే తిప్పాను. ఆజ్ఞలో ఉన్నట్టే" అన్నాడు.

"మిగతా ఇళ్ళల్లోనూ బొమ్మలు ఇలాగే గదుల్లోకి చూస్తున్నాయా?"

ప్రశ్న చిన్నదే. జవాబు ఇంకా చిన్నది, ఒక్క అవును. ఎలోఫ్ మందబుద్ధి కాదు, ఆ ఒక్క క్షణంలో అంతా కనబడింది. ముప్పై రెండు ఇళ్ళల్లో ఉంటే అది ఆజ్ఞ రాసినవాడి పొరపాటు. ఒక్క ఇంట్లోనే ఉంటే అది ఆ ఇంటి ఆడదాని నేరం. కానీ అవునంటే, రాజుగారి కిరీటాన్ని ముప్పై రెండు పడకల ముందు స్వహస్తాలతో నిలబెట్టినవాడు ఎవరు? జంగూ భార్య గుంపులోంచి జారుకుని ఇంటివైపు పరిగెత్తడం కిటికీలోంచి కనబడింది, గూటి తలుపులు మూయడానికి. ఎలోఫ్‌కి మెడ వెనక చల్లగా తగిలింది.

"లేదు. మిగతా ఇళ్ళల్లో వెనక గోడ ఉంది" అన్నాడు.

అంత నున్నగా వచ్చింది ఆ మాట. అతనికే ఆశ్చర్యం వేసింది.

"మరి ఇక్కడెందుకు లేదు?"

"ఇక్కడ... ముందు నుంచీ లేదు. వీళ్ళు తలుపులు పెట్టుకున్నారు."

అపోలిన్ అన్న వైపు చూసింది. నోరు తెరిచింది. పక్కింట్లోకి నాలుగడుగులు నడిపించి గూడు తలుపు తీసి చూపిస్తే చాలు, ఆ సంగతి ఆమెకి తెలుసు, గుంపులో ఉన్న ప్రతివాడికీ తెలుసు. అందరూ కాళ్ళకేసి చూసుకుంటున్నారు. ఆమె ఒక్కొక్కరినే చూసి, మళ్ళీ అన్న దగ్గర ఆగి, తెరిచిన నోరు మూసుకుంది. ఎలోఫ్‌ని చంపేసినా ఆ చూపు కంటే తేలిగ్గా ఉండేది.

జంగూని సమ్మెట తెమ్మన్నారు. పోత ఇనుము మూడు దెబ్బలకి పగిలింది. గద్దలూ సిలువా ఉన్న ముక్కని సాక్ష్యంగా బండెక్కించారు, దాని పక్కనే అపోలిన్‌ని కూర్చోబెట్టారు. శాలువా తెచ్చుకోనిచ్చారు, అంతవరకు దయే. జలుబుతో మళ్ళీ ఇల్లిల్లూ తిరిగే ఓపిక లేక, మిగతా ఇళ్ళల్లో గోడలు పరీక్షించడానికి వారంలోపు ఒక మనిషిని పంపుతానని తనిఖీదారు సతుర్నెన్‌కి చెప్పాడు. ఈలోగా పత్రం రాసి పంపమన్నాడు. బండి కదిలేటప్పుడు అపోలిన్ అన్నని పిలిచింది.

"అమ్మ గదిలో చలి చేరకుండా చూడు. ఆవిడ తట్టుకోలేదు."

ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ వారం బ్రెల్లంకూరు చేసిన పని చూస్తే, ఆ ఊరివాళ్ళు సోమరిపోతులని అనేవాళ్ళు సిగ్గుపడాలి. పందుల దొడ్లు కూల్చారు, తోటల ప్రహరీలు పీకారు, ఇటుకలూ రాళ్ళూ తెచ్చి పలకల వెనక గోడలు లేపారు. ఎలోఫ్ తెల్లారి మొదలుపెట్టి పొద్దుగూకేదాకా కట్టాడు. ఆడవాళ్ళు మట్టి తొక్కారు, కొత్తగా కనబడకూడదని మసి కలిపిన సున్నం పూశారు. ఏ ఇంటికెళ్ళినా అతనికి ప్లమ్ పళ్ళ సారా పోశారు, పంది కొవ్వు ముక్కలు వేసిన సూప్ పెట్టారు. "నువ్వు లేకపోతే ఊరు ఏమైపోయేదో ఎలోఫూ" అన్నారు. ఎవరూ అపోలిన్ పేరెత్తలేదు. అతను తిన్నాడు, తాగాడు. గొంతు దిగిందనే చెప్పాలి.

సతుర్నెన్ పత్రం రాశాడు. ఈ ఊళ్ళో పలక వెనక గోడ లేని ఇల్లు అదొక్కటే అని. కింద మేస్త్రీ సంతకం కావాలన్నాడు.

"అంతా కలిసి చెబుదాం సతుర్నెన్. పొరపాటు జరిగింది, మా ఇళ్ళు ఇలా ఉంటాయి, ఆజ్ఞలో చెప్పినట్టే చేశాం అని చెబుదాం. చెల్లెల్ని వదిలేస్తారు" అన్నాడు ఎలోఫ్.

"చెప్పాల్సింది ఆ రోజు. అడిగింది నిన్ను, నన్ను కాదు. ఇప్పుడు చెబితే తనిఖీదారుకి అబద్ధం చెప్పినవాడివి నువ్వు, అబద్ధానికి ఇటుకలు పేర్చినవాళ్ళు మేము. ఎంతమంది తలలు కావాలి నీకు? నా పెళ్ళాందీ జంగూదీ కూడా కలుపుకుంటావా?"

"మొదటిరోజే వచ్చి నీకు చెప్పాను. ఇటుక పేరుస్తానన్నాను."

"చెప్పావా? నాకు గుర్తులేదే" అన్నాడు సతుర్నెన్, కలం ముంచి చేతికిస్తూ.

ఎలోఫ్ సంతకం పెట్టాడు. గోడలు చూడటానికి వస్తానన్న మనిషి ఆ వారం రాలేదు, ఆ నెలా రాలేదు. అసలెప్పుడూ రాలేదు.

చివరి గోడ తల్లి గదిలో కట్టాల్సి వచ్చింది. పలక పోయిన కంత అలాగే వదిలేస్తే వంటింట్లో నిప్పు వెలిగించడానికి లేదు, పొగంతా మంచం మీదికే వస్తోంది. వేరే పలక తెద్దామంటే కొలిమిలన్నీ ఫిరంగిగుండ్లు పోస్తున్నాయి. తన ఇంటికి తీసుకుపోతానంటే ముసలావిడ ఒప్పుకోలేదు. పిల్ల తిరిగొచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉండకూడదంది. అందుకని ఎలోఫ్ రాయి తెచ్చి, మంచానికి రెండు గజాల దూరంలో, తల్లి చూస్తుండగా ఒక్కొక్క వరసే పేర్చాడు.

"ఏం చేస్తున్నావురా?"

"గోడమ్మా."

"అక్కడ గోడ ఎప్పుడుంది? నేను ఈ ఇంటికొచ్చిన రోజున మా అత్త నా చెయ్యి పట్టుకెళ్ళి అక్కడే ఆనించింది. చెయ్యి కాలింది కూడా. గోడ లేదక్కడ."

"ఇప్పుడందరి ఇళ్ళల్లో గోడలేనమ్మా."

"ఎవరు చెప్పారు?"

ఎలోఫ్ తాపీతో సున్నం చదును చేస్తూ ఉండిపోయాడు. ఊరంతటిలో అక్కడ గోడ లేదని అన్నది ఆమె ఒక్కతే, మంచం దిగలేని మనిషి.

రోజూ పొద్దున ఎలోఫ్ భార్య ఒడిల్ వచ్చి వంటింట్లో పొయ్యి వెలిగించేది, ఇటుకలు కాచి గుడ్డలో చుట్టి ముసలావిడ పాదాల దగ్గర పెట్టేది. అవి గంటకి చల్లారేవి. జనవరిలో గదిలో నీళ్ళచెంబు గడ్డకట్టింది. ముసలావిడకి మతి తప్పడం మొదలైంది. "అపోలిన్, తలుపులు తియ్యవే" అని పిలిచేది. ఒడిల్ లేచి గూడు తలుపులు తీసేది, లోపల రాతిగోడ కనబడేది. ఫిబ్రవరి మొదటివారంలో ఆమె పోయింది. ఎలోఫ్ ఏడ్చాడు. ఏడవడానికి తనకి హక్కుందో లేదో అనుకుంటూనే ఏడ్చాడు.

వేసవిలో పారిస్‌లో తలలు తీయించినవాళ్ళ తలలే తీసేశారు. గాలి మారిందని తెలియగానే బ్రెల్లంకూరులో ఒక్కొక్క ఇంట్లో గోడ కూలడం మొదలైంది. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. సతుర్నెన్ ఎర్రటోపీ పెట్టెలో దాచి మళ్ళీ చక్రాలు చేసుకుంటున్నాడు. అందరికంటే ముందు గోడ కొట్టించుకున్నది అతనే. తల్లి గదిలోది తప్ప, ఎలోఫ్ తను కట్టిన గోడలన్నీ తనే పడగొట్టాడు, పలకలన్నీ తనే మళ్ళీ ముందుకు తిప్పాడు. మనిషన్నవాడికి ఒకే పని మూడుసార్లు చేసే యోగం ఎవరికి పడుతుంది!

సెప్టెంబరులో అపోలిన్ నడిచి వచ్చింది. నాన్సీలో, పూర్వం సన్యాసినుల మఠంగా ఉన్న జైలులో తొమ్మిది నెలలు ఉంచారు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి జుట్టు సగానికి పైగా తెల్లబడింది. తల్లి పోయిన సంగతి ఒడిల్ ముందే కబురంపింది. ఊళ్ళోవాళ్ళు ఎదురొచ్చి పలకరించారు, బంగాళదుంపలు, గుడ్లు, అల్లిన మేజోళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టారు. ఆమె అన్నీ తీసుకుంది, అందరికీ బదులు చెప్పింది. ఎవరినీ లోపలికి రమ్మనలేదు.

ఎలోఫ్ పదిరోజులు ఆగాడు. పదకొండో రోజు పొద్దున తన ఇంట్లో పూలకుండీ పలకని ఊడదీసి, జంగూ సాయంతో చేతిబండి మీదికి ఎత్తాడు. జంగూ వెంట వస్తానంటే వద్దన్నాడు. పలక మీద గోనెలు కప్పి, తాపీ, గడ్డపార పెట్టుకుని ఊరి మధ్య నుంచి తోసుకుంటూ వెళ్ళాడు. అపోలిన్ గుమ్మంలో కూర్చుని టర్నిప్ దుంపల చెక్కు తీస్తోంది.

"ఏంటది?" అంది.

"పలక. మా ఇంట్లోది. నీకు పెడదామని తెచ్చాను."

"మీ పొయ్యికి?"

"రాళ్ళు పేర్చుకుంటాను. నాకెంతసేపు? ఆ గోడ కొట్టేయడం అరపూట పని. గూడు తలుపులు కూడా బాగు చేస్తాను. చలి రాకముందే..."

"అమ్మ పోయిన రోజు వంటింట్లో పొయ్యి వెలుగుతోందా?"

"వెలుగుతోంది. ఒక్కరోజు కూడా మానలేదు. కావాలంటే మీ వదినని అడుగు."

"గదిలోకి వేడి వచ్చిందా?"

ఎలోఫ్ బండి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి అబద్ధం రాలేదు.

"రాలేదు" అన్నాడు.

అపోలిన్ చెక్కు తీసిన టర్నిప్‌ని నీళ్ళలో వేసి ఇంకొకటి అందుకుంది.

"అక్కడ నన్ను అడిగారన్నయ్యా. నీ సంతకం ఉన్న కాగితం చూపించి, మీ ఊళ్ళో మిగతా ఇళ్ళల్లో గోడలున్నమాట నిజమేనా అని అడిగారు. ఒకసారి కాదు, మూడుసార్లు. లేవంటే నన్ను ఆ సాయంత్రమే వదిలేసేవాళ్ళేమో. నిన్ను తీసుకెళ్ళేవాళ్ళు. ఉన్నాయన్నాను. మూడుసార్లూ ఉన్నాయనే అన్నాను."

"అపోలిన్..."

"ఏడవకు. జనం చూస్తారు. ఆ గోడ నిజమని నేను చెప్పబట్టే నువ్వు బతికి ఇలా బండి తోసుకుంటూ వచ్చావు, దానికోసం నేను తొమ్మిది నెలలు తడిగడ్డి మీద పడుకున్నాను, అమ్మ చలికి పోయింది. ఇంతమందిమి ఇంత వెల పెట్టుకున్న గోడని నువ్వు అరపూటలో కొట్టేస్తానంటావా? దాన్ని ముట్టుకోకు."

"చలికాలం ఎలా పడుకుంటావు ఆ గదిలో?"

"అమ్మ పడుకున్నట్టే."

ఆమె గొంతు పెంచలేదు. కత్తి పక్కన పెట్టి, గిన్నె ఎత్తుకుని లేచింది. "పలక తీసుకెళ్ళి ఎక్కడిదక్కడ పెట్టెయ్. వదిన చలికి ఓర్చుకోలేదు" అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా కూడా వేసుకోలేదు.

ఎలోఫ్ బండి తిప్పాడు. వచ్చేటప్పటి కంటే బరువుగా ఉంది, లేదా అతనికే శక్తి చాలలేదు. కొలిమి ముందు మేకులు సాగదీస్తున్న జంగూ సుత్తి ఆపి, గోనెల కింద ఉన్నదాన్ని చూశాడు. అతని వెనక సతుర్నెన్ చక్రానికి ఇనప పట్టీ వేయించుకోవడానికి వచ్చి నిలబడి ఉన్నాడు.

"ఏం ఎలోఫూ, వెనక్కి తెచ్చేశావు? కొలత సరిపోలేదా?" అన్నాడు జంగూ.

ఎలోఫ్ బండి ఆపకుండానే, ఇద్దరి మొహాలూ చూడకుండానే చెప్పాడు.

"అక్కడ గోడ ఉంది."